పాలపళ్ళే కదా, ఊడిపోతాయిలే!

మా ఖరగ్‌పూర్‌లో పిల్లల పాలపన్ను ఊడితే ఏం చేయాలన్నదానికి రెండు పద్ధతులున్నాయి. బెంగాలీల ఇళ్ళలో దాన్ని ఎలుక కన్నంలో వేస్తారు. వచ్చే కొత్త పన్ను ఎలుక పన్నులా సన్నగా, గట్టిగా ఉండాలని కోరిక. మన తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు పేడముద్దలో పెట్టి ఇంటికప్పు మీదికి విసరమంటారు. ఇప్పుడు క్వార్టర్లలో, అపార్ట్‌మెంట్లలో ఎలుక కన్నమూ సులువుగా దొరకదు, పేడా దొరకదు. అయినా ఊడిన పన్నుకి ఇంత మర్యాద చేసే మనం, అది నోట్లో ఉన్నన్నాళ్ళూ దాని వంక చూడం. ఎవరైనా అడిగితే "పాలపళ్ళే కదా, ఊడిపోతాయిలే" అంటాం.

నేనూ అలాగే అన్నాను. విజయనగరం నుంచి బదిలీ మీద ఇక్కడికి వచ్చేనాటికి మా పాపకి రెండేళ్ళు. పై ముందు పళ్ళ మీద, చిగురుకి ఆనుకుని, సున్నం అంటినట్టు తెల్లటి గీతలు కనిపించేవి. పాల మరకలనుకున్నాను. మూడేళ్ళకి ఆ గీతలు గోధుమరంగుకి తిరిగాయి. అప్పుడు ఒక క్లినిక్‌లో చూపిస్తే, "పాలపళ్ళే, ఏమీ చేయక్కర్లేదు" అని పంపేశారు. నిజం చెప్పాలంటే నేను వినాలనుకున్న మాట కూడా అదే. నాలుగో ఏట, సరిగ్గా మార్చి నెలాఖరులో, బ్రాంచిలో ఇయర్ ఎండింగ్ పనులతో నేను ఇంటికి ఏ వేళకి చేరుతున్నానో నాకే తెలియని రోజుల్లో, ఒక రాత్రి పాప చెంప వాచింది. ఒళ్ళు కాలిపోతోంది. కింది దవడ పన్ను ఒకటి లోపలంతా పుచ్చి, వేరు దగ్గర చీము పట్టింది. దాన్ని తీసేయాల్సి వచ్చింది. ఆ పన్ను మామూలుగా ఊడవలసిన వయసు పది, పదకొండేళ్ళు.

ఆ తర్వాత పిల్లల పళ్ళ గురించి డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. నాలాగే ఆలస్యంగా తెలుసుకోవద్దని.

ఏ పన్ను ఎన్నాళ్ళు ఉండాలి?

మొదటి పన్ను సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో, కింది ముందు పన్నుగా వస్తుంది. ఒకటి రెండు నెలలు అటూ ఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. రెండున్నర, మూడేళ్ళకల్లా మొత్తం ఇరవై పాలపళ్ళు వస్తాయి. ముందువి ఆరేడేళ్ళకి ఊడతాయి. మనం చూసేది, ఫొటోలు తీసేది వాటినే. కానీ నమిలే పని చేసే ఎనిమిది దవడ పాలపళ్ళు పది నుంచి పన్నెండేళ్ళ దాకా ఉండాలి. అంటే మూడేళ్ళ పిల్ల నోట్లో పుచ్చిన దవడ పన్ను, ఊడేలోగా ఇంకా ఏడెనిమిదేళ్ళు పని చేయాలి. గడువుకి ఏడేళ్ళు ముందే విరిగిపోయిన డిపాజిట్ లాంటిది అది. నష్టం ఉండదని ఎవరూ చెప్పలేరు.

నష్టం రెండు రకాలు. ఒకటి కంటికి కనిపించేది. నొప్పి వల్ల పిల్ల ఒకవైపే నములుతుంది, గట్టిది తినదు, నిద్ర పట్టదు, బరువు పెరగదు. "అన్నం తినడానికి మారాం చేస్తోంది" అని మనం విసుక్కునే పిల్లల్లో కొందరికి అసలు కారణం పన్ను నొప్పే. చిన్నపిల్లలు పన్ను నొప్పి అని చెప్పలేరు. రెండోది కనిపించనిది. పాలపన్ను తన కింద పెరుగుతున్న శాశ్వత పన్నుకి చోటు పట్టి ఉంచుతుంది, రైలు పెట్టెలో తువ్వాలు వేసి సీటు పట్టినట్టు. అది ముందే పోతే వెనకున్న పన్ను ముందుకి జరిగి ఆ చోటు ఆక్రమిస్తుంది. తర్వాత రావలసిన పన్ను వంకరగానో, పక్కనుంచో వస్తుంది. మా పాపకి ఆ ఖాళీ పూడకుండా ఒక చిన్న తీగ పట్టీ అమర్చారు. పన్నెండేళ్ళు వచ్చేదాకా దాన్ని చూపించుకుంటూ ఉండాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ఆరేళ్ళ వయసులో, పాలపళ్ళ వరసకి వెనక, ఏ పన్నూ ఊడకుండానే నాలుగు పెద్ద దవడ పళ్ళు వస్తాయి. ఏ పన్నూ ఊడలేదు కాబట్టి అవి కూడా పాలపళ్ళే అనుకుంటాం. కాదు. అవి జీవితాంతం ఉండవలసినవి. వాటి మీద గాడులు లోతుగా ఉంటాయి కనుక అందరికంటే ముందు అవే పుచ్చుతాయి. వచ్చిన కొద్ది నెలల్లోనే డాక్టరుకి చూపిస్తే ఆ గాడులను పల్చటి పూతతో మూసేస్తారు. మత్తు, సూది ఏమీ ఉండవు.

రైలు లెక్క

పన్ను ఎందుకు పుచ్చుతుందో చెప్పడానికి మాకు తెలిసిన ప్రయాణాన్నే తీసుకుంటాను. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో ఎక్కువమంది పెద్దలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పనికి వచ్చినవాళ్ళు. మూడు నాలుగు తరాలు గడిచినా పండక్కి, పెళ్ళికి ఆ వైపు రైలెక్కుతూనే ఉంటారు. విశాఖ చేరడానికి పదీ పన్నెండు గంటలు. పిల్లల్ని కూర్చోబెట్టడానికి మన దగ్గర ఉన్న ఒకే ఒక్క ఆయుధం తిండి. బాలేశ్వర్‌లో బిస్కెట్టు. భద్రక్‌లో మామిడిరసం డబ్బా. కటక్ దాటాక రసగుల్లా. ఖుర్దారోడ్‌లో చాక్లెట్టు. బరంపురంలో టీ కొంటే అందులో ఇంకో బిస్కెట్టు. పలాసలో జీడిపప్పు. నిజానికి ఈ మొత్తంలో పళ్ళకి భయం లేనిది ఆ జీడిపప్పు ఒక్కటే.

పళ్ళ మీద ఎప్పుడూ పల్చటి పాచి ఉంటుంది. అందులో ఉండే సూక్ష్మజీవులు మనం తిన్న తీపినీ, మెత్తటి పిండి పదార్థాన్నీ తిని ఆమ్లం వదులుతాయి. 1940ల్లో అమెరికాలో రాబర్ట్ స్టీఫన్ అనే శాస్త్రవేత్త ఈ పాచిలో ఆమ్లం ఎలా పెరిగి తగ్గుతుందో కొలిచి చూపించారు. తీపి తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఆమ్లం పంటి పైపొరను కరిగించే స్థాయికి చేరుతుంది. మళ్ళీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఆ పని చేసేది లాలాజలం. అది ఆమ్లాన్ని విరిచి, కరిగిన కాల్షియం, ఫాస్ఫేటులను తిరిగి పంటిలో జమ చేస్తుంది. మన భాషలో చెప్పాలంటే ప్రతి తీపి ముక్కా ఒక డెబిట్, రెండు తిళ్ళ మధ్య విరామం ఒక క్రెడిట్.

ఇప్పుడు రైలు లెక్క చూడండి. ఎనిమిది స్టేషన్లలో ఎనిమిదిసార్లు తింటే, ఒక్కోసారికి అరగంట చొప్పున నాలుగు గంటలు పళ్ళు ఆమ్లంలో నానుతాయి. అదే సరుకు మూడు పూటల తిండితో కలిపి తింటే గంటన్నర. తిన్న తీపి అంతే, పన్నుకి జరిగే నష్టం మాత్రం సగం కూడా కాదు. పుచ్చుపళ్ళకి ఎంత తీపి తిన్నారన్నదాని కన్నా ఎన్నిసార్లు తిన్నారు, ఎంతసేపు నోట్లో ఉంచుకున్నారు అన్నదే ముఖ్యం. ఈ వ్యాసంలో మీరు ఒక్క విషయమే గుర్తు పెట్టుకుంటే అది ఇదే కావాలని నా కోరిక.

స్వీడన్‌లో విపెహోల్మ్ అనే ఆసుపత్రిలో 1940ల రెండో సగం నుంచి కొన్నేళ్ళ పాటు ఇదే విషయం మీద పెద్ద ప్రయోగం చేశారు. మానసిక వైకల్యం ఉన్న రోగులకి, వాళ్ళ అనుమతి లేకుండా, రకరకాలుగా తీపి పెట్టి చూశారు. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ళ పళ్ళు పెద్దగా చెడలేదు. భోజనాల మధ్య పళ్ళకి అతుక్కునే టాఫీలు తిన్నవాళ్ళ పళ్ళు ఘోరంగా పాడయ్యాయి. నిస్సహాయుల మీద అలా ప్రయోగం చేయడం తప్పని తర్వాత ప్రపంచమంతా అంగీకరించింది. ఆ ఫలితం నుంచి మాత్రం ఒక మంచి అలవాటు పుట్టింది. స్వీడన్‌లో పిల్లలకి మిఠాయి వారానికి ఒక్కరోజు, శనివారం నాడు మాత్రమే ఇస్తారు. మా ఇంట్లో ఇప్పుడు అది ఆదివారం. గోల్‌బజార్‌కి వెళ్ళి కావలసిన మిఠాయి కొనుక్కుని, మధ్యాహ్నం భోజనమైన వెంటనే తినేయాలి. మిగతా ఆరు రోజులూ అడగకూడదు. మొదటి నెల యుద్ధమే జరిగింది. రెండో నెల నుంచి పాప తనే సోమవారం నాడు, "ఇంకా ఆరు రోజులుంది" అని లెక్క చెప్పడం మొదలుపెట్టింది.

బెంగాల్‌లో ఉంటూ మిఠాయి మానేయమంటే ఎవరూ వినరు, వినక్కర్లేదు కూడా. అన్నప్రాశన నాడు మనం పరమాన్నం నాకిస్తాం, వీళ్ళు 'ముఖేభాత్' అని పాయెష్ నాకిస్తారు. విచిత్రమేమిటంటే మొదటి తీపీ మొదటి పన్నూ దాదాపు ఒకే నెలలో వస్తాయి. ఆ ఒక్క రోజు వేడుకతో పన్నుకి ఏమీ కాదు. మర్నాటి నుంచి పాలలో చక్కెర, చక్కెరలో ముంచిన పాలపీక, టీలో తడిపిన బిస్కెట్టు మొదలవుతాయి చూశారా, అక్కడుంది కష్టం. రెండేళ్ళ లోపు పిల్లల ఆహారంలో విడిగా చక్కెర కలపకపోవడమే మంచిది. వాళ్ళకి ఆ రుచి తెలియదు, కావాలని అడగరు. కలిపేది మన నాలుకకి చప్పగా ఉందని.

చలికాలంలో ఇక్కడ నొలెన్ గుడ్ వస్తుంది. ఖర్జూరపు చెట్టు నీరాతో చేసే బెల్లం. దాంతో చేసిన సందేశ్ రుచి నేను చెప్పనక్కర్లేదు. చక్కెర కన్నా బెల్లం ఆరోగ్యం కాబట్టి పిల్లలకి ఎంతైనా పెట్టొచ్చు అనే మాట తెలుగు, బెంగాలీ అమ్మమ్మలిద్దరూ అంటారు. ఇనుము మాట ఎలా ఉన్నా, పంటి మీది సూక్ష్మజీవికి చక్కెరా బెల్లమూ తేనే ఒకటే. సాయంత్రం ఆకలికి ఇక్కడివాళ్ళ ముడి చాలా నయం. మన మరమరాలే. వేరుశనగ గుళ్ళు, దోసకాయ ముక్కలు, కాస్త నిమ్మరసం కలిపి పెడితే క్రీమ్ బిస్కెట్ల కన్నా వంద రెట్లు మేలు. చిన్నపిల్లలకైతే గుళ్ళు పొడి చేసి కలపండి. నాలుగేళ్ళలోపు పిల్లలకి గుళ్ళు, జీడిపప్పు అలాగే ఇస్తే గొంతుకి అడ్డం పడే ప్రమాదం ఉంది.

రాత్రి పాలసీసా

మా పాప పళ్ళు పాడైంది రైల్లో కాదు, మంచం మీద. రాత్రి నిద్రలో లేస్తే చక్కెర కలిపిన పాలసీసా నోట్లో పెట్టేదాన్ని. పొద్దున్నే బ్రాంచికి పరుగెత్తాలి, నాకు నిద్ర కావాలి. సీసా పెడితే రెండు నిమిషాల్లో పిల్ల నిద్రపోయేది. పగలు అత్తయ్య చూసుకునేవారు. ఆవిడ పద్ధతిగా అన్నం పెట్టి నోరు కడిగేవారు. తప్పు రాత్రిపూట నా దగ్గరే జరిగింది.

నిద్రలో లాలాజలం చాలా తగ్గిపోతుంది. అంటే క్రెడిట్ వేసేవాడు సెలవులో ఉన్నాడు. పాలపీకలోంచి చుక్కచుక్కగా కారే తీపి పాలు పై ముందు పళ్ళ చుట్టూ గంటల తరబడి నిలిచి ఉంటాయి. కింది ముందు పళ్ళకి నాలుక అడ్డు ఉంటుంది కనుక అవి బాగానే ఉంటాయి. అందుకే ఈ జబ్బులో పై నాలుగు ముందు పళ్ళు నల్లబడి, కిందవి తెల్లగా ఉండటం చూసి డాక్టర్లు కారణం వెంటనే కనిపెడతారు. పాలపన్ను పైపొర మందం శాశ్వత పన్నులో దాదాపు సగమే. లోపలి నరం గది పెద్దది. అందుకే పెద్దవాళ్ళలో ఏళ్ళు పట్టే పుచ్చు పిల్లల్లో నెలల్లో నరం దాకా వెళుతుంది.

సీసా మానిపించడానికి మాకు పనికొచ్చిన ఉపాయం ఒకటే. రోజుకి కొంచెం చొప్పున పాలలో నీళ్ళు ఎక్కువ చేస్తూ పోయాం. పదిహేను రోజులకి సీసాలో ఉత్త నీళ్ళే మిగిలాయి. ఆ తర్వాత దాని మీద పాపకే ఆసక్తి పోయింది. ఏడాది నిండాక పాలు గ్లాసులోనే ఇవ్వడం మంచిది. తల్లిపాల విషయంలో భయపడకండి, రెండేళ్ళ దాకా ఇవ్వొచ్చు. పళ్ళు వచ్చాక రాత్రి పడుకునే ముందు పళ్ళు తోమించి ఉంటే చాలు. దగ్గు మందు, ఐరన్ సిరప్ లాంటి తియ్యటి మందులు రాత్రిపూట వేయవలసి వస్తే, తర్వాత నీళ్ళు తాగించి, తడిగుడ్డతో పళ్ళు తుడవండి.

నెలకోసారి పిల్లని వెలుతురులో పడుకోబెట్టి పై పెదవి ఎత్తి చూడండి. చిగురు పక్కన సున్నపు గీతలు కనిపిస్తే అది పుచ్చుకి మొదటి మెట్టు. ఆ దశలో తీపిని తగ్గించి, డాక్టరు చేత ఫ్లోరైడ్ పూత వేయిస్తే గీత అక్కడే ఆగిపోతుంది, కొన్నిసార్లు పన్ను తిరిగి గట్టిపడుతుంది కూడా. నేను పాల మరకలనుకున్నది దీన్నే.

తోమేది ఎవరు, దేంతో?

మొదటి పన్ను కనిపించిన రోజు నుంచే తోమాలి. రోజుకి రెండుసార్లు, అందులో రాత్రి తోమడం తప్పకూడదు. మూడేళ్ళ లోపు పిల్లలకి బియ్యపు గింజంత పేస్టు, మూడు నుంచి ఆరేళ్ళకి బఠాణీ గింజంత. టీవీ ప్రకటనల్లో బ్రష్షు పొడుగునా పేస్టు వేస్తారే, అది పెద్దవాళ్ళకి కూడా అక్కర్లేదు. ఉమ్మేయమనండి, నీళ్ళతో బాగా పుక్కిలించవద్దనండి. పళ్ళ మీద కాస్త పేస్టు మిగిలి ఉండటమే మనకి కావాలి.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. మన దేశంలో పేస్టుల్లో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నియమం. ఎంత ఉందో ట్యూబు మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. బొమ్మలున్న పిల్లల పేస్టుల్లో కొన్నిటిలో దానిలో సగమే ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. బొమ్మని కాక అంకెని చూసి కొనండి. లోన్ కాగితాల్లో చిన్న అక్షరాలు చదివే వృత్తి మనది, ఇక్కడ మాత్రం ఎందుకు వదిలేయాలి?

"ఫ్లోరైడ్ అంటే నల్గొండ జబ్బు కదా!" అని మా నాన్నగారు భయపడ్డారు. ఆయన భయంలో అర్థం ఉంది. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఎముకల్ని వంచేసే ఈ ఫ్లోరోసిస్ గురించి షార్ట్ అనే వైద్యుడి బృందం రాసింది. నల్గొండ, ప్రకాశం పల్లెలు తరాల పాటు దాన్ని అనుభవించాయి. కానీ అది ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు తాగడం వల్ల వచ్చేది. బియ్యపు గింజంత పేస్టు మింగినా ఆ పరిస్థితి రాదు. ఎక్కువైతే విషం, తగినంతైతే రక్ష. ఉప్పు కూడా అంతే కదా. తాగునీటిలో లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకనిచోట 1.5 దాకా ఒప్పుకుంటారు. మాకు పక్క జిల్లా అయిన బంకురాలో, పురులియాలో, బీర్‌భూమ్‌లో కొన్నిచోట్ల భూగర్భ జలాల్లో ఇది ఎక్కువ. అటువైపు బదిలీ అయిన కుటుంబాలు బోరు నీళ్ళే తాగుతుంటే, ముందు నీటి పరీక్ష చేయించుకుని, తర్వాత పేస్టు సంగతి డాక్టరుని అడగడం మంచిది.

ఇక తోమే చేయి. ఏడెనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ పని చాతకాదు. చొక్కా గుండీలు, బూటు లేసు సొంతంగా కట్టుకోగలిగే నేర్పు వచ్చాకే బ్రష్షు పూర్తిగా వదిలేయొచ్చు. వాళ్ళ సరదాకి ముందు వాళ్ళని తోముకోనిచ్చి, తర్వాత మీరు తోమండి. ఎదురుగా నిలబడి తోమితే కుదరదు. మీరు కుర్చీలో కూర్చుని, పిల్లని ముందు నిలబెట్టుకుని, తల మీ పొట్టకి ఆనించి వెనకనుంచి తోమితే దవడ పళ్ళ దాకా కనిపిస్తుంది.

వేపపుల్ల చెడ్డదని నేను అనను, తాతల పళ్ళు దాంతోనే గట్టిగా ఉన్నాయి. వాళ్ళ రోజుల్లో పొద్దున్నుంచి రాత్రిదాకా బిస్కెట్లు లేవన్నది కూడా నిజమే. చిన్నపిల్లల చిగుళ్ళకి పుల్ల గట్టిది, గీసుకుంటుంది. బొగ్గు, కచ్చిక, ఇటుకపొడి మాత్రం వద్దు. అవి తెల్లగా చేస్తున్నట్టు కనిపిస్తూ పైపొరనే అరగదీస్తాయి.

అన్నిటికన్నా ప్రమాదమైనది ఇంకొకటి ఉంది. మేదినీపూర్ ప్రాంతంలో, ఒడిశాలో చాలామంది పొద్దున్నే గుడాఖు పెట్టుకుని పళ్ళు తోముతారు. అది పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద. గుల్ అని పొడి కూడా ఉంది, అదీ పొగాకే. పొగాకు కలిపిన పళ్ళపొడి, పేస్టు తయారీని, అమ్మకాన్ని మన దేశం 1992లోనే నిషేధించింది. అయినా వేరే పేర్లతో దొరుకుతూనే ఉంది. పిల్లలకి ఎవరూ ఇవ్వరు, నిజమే. కానీ పెద్దవాళ్ళు తోముకుంటుంటే చూసి వేలితో తీసి నోట్లో పెట్టుకుంటారు. ఆ డబ్బా ఇంట్లో ఉంటే పిల్లలకి అందనిచోట కాదు, ఇంటి బయటే ఉండాలి.

పళ్ళు వచ్చేటప్పుడు

ఈ భాగం నాయనమ్మలతో, అమ్మమ్మలతో కలిసి చదవండి. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లలు చొంగ కారుస్తారు, చిరాకు పడతారు, దొరికినదల్లా కొరుకుతారు. ఒళ్ళు కాస్త వెచ్చబడవచ్చు. కానీ గట్టి జ్వరం, విరేచనాలు పళ్ళ వల్ల రావు. ఆ వయసులో దొరికిన ప్రతి వస్తువూ నోట్లో పెట్టుకోవడం వల్ల, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గడం వల్ల వస్తాయి. "పళ్ళ విరేచనాలు, వాటంతట అవే తగ్గుతాయి" అని ఊరుకున్న ఇళ్ళలో పిల్లలు ఒంట్లో నీరు పోయి ఆసుపత్రి పాలవుతున్నారు. వెంటనే ఓఆర్ఎస్ మొదలుపెట్టి డాక్టరుకి చూపించాలి. లవంగ నూనె పసిపిల్లల చిగుళ్ళకి రాయకండి, చిగుళ్ళు కాలతాయి, మింగితే విషం. శుభ్రంగా కడిగిన చల్లటి గుడ్డ కొరకనిస్తే చాలు.

ఇంకొకటి అమ్మలకి. పన్ను పుచ్చించే సూక్ష్మజీవి పిల్ల పుట్టినప్పుడు దాని నోట్లో ఉండదు. ఎక్కువగా ఇంట్లో దగ్గరగా ఉండేవాళ్ళ లాలాజలం నుంచే చేరుతుంది. మన నోట్లో పిప్పిపళ్ళు వదిలేసుకుని, మనం రుచి చూసిన చెంచాతోనే పిల్లకి తినిపిస్తే ఆ పని తొందరగా జరుగుతుంది. కడుపుతో ఉన్నప్పుడే పళ్ళు బాగు చేయించుకోవడం మంచిది.

డాక్టరు దగ్గరికి

మొదటిసారి నొప్పి వచ్చాక కాదు, మొదటి పుట్టినరోజు నాటికే వెళ్ళాలి. తల్లీ డాక్టరూ మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. పిల్ల తల డాక్టరు ఒళ్ళో, కాళ్ళు తల్లి ఒళ్ళో. రెండు నిమిషాల్లో చూడటం అయిపోతుంది. తర్వాత ఆరు నెలలకోసారి. ఇంట్లో "అన్నం తినకపోతే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి సూది వేయిస్తా" అనే బెదిరింపు మానేయండి. ఆ భయాన్ని పోగొట్టడానికి మాకు ఏడాది పట్టింది.

పుచ్చు మొదలైతే ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. చిన్నదైతే సిమెంటు నింపుతారు. కదలకుండా కూర్చోలేని పసివాళ్ళకి వెండి కలిసిన ఒక ద్రవం పూస్తారు. పుచ్చు అక్కడితో ఆగుతుంది, ఆ చోటు నల్లబడుతుంది. నరం దాకా వెళితే పాలపన్నుకి కూడా రూట్ కెనాల్ లాంటి చికిత్స చేసి స్టీలు తొడుగు వేస్తారు. "ఊడిపోయే పన్నుకి ఇంత ఖర్చా?" అనిపిస్తుంది. ముందు ఆ పన్ను ఏ వయసుకి ఊడాలో అడగండి, తర్వాత ఖర్చు సంగతి ఆలోచించండి. మన వైద్య పథకంలో దంత చికిత్సకి ఏవి వస్తాయో, ఏవి రావో బిల్లు కట్టకముందే సర్క్యులరు చూసుకోండి.

ఖరగ్‌పూర్‌లో రైల్వే కుటుంబాలకి రైల్వే ఆసుపత్రి ఉంది, మిగతావాళ్ళకి మహకుమా ఆసుపత్రి. పెద్ద అవసరం పడితే హౌరా లోకల్ ఎక్కి కలకత్తా వెళతాం. సియాల్దా దగ్గర ఉన్న డాక్టర్ ఆర్. అహ్మద్ దంత వైద్య కళాశాల మన దేశంలో మొట్టమొదటి దంత కళాశాల. రఫీయుద్దీన్ అహ్మద్ అమెరికాలో చదివి, బోస్టన్‌లో పిల్లల పళ్ళ కోసమే పెట్టిన ఫోర్సైత్ ఆసుపత్రిలో పని చేసి, తిరిగి వచ్చి 1920లో దాన్ని స్థాపించారు. డబ్బుకి కటకటగా ఉంటే కలకత్తాలో 'న్యూయార్క్ సోడా ఫౌంటెన్' అనే దుకాణం తెరిచి ఆ రాబడితో కళాశాల నడిపారట. చల్లటి తియ్యటి సోడాలు అమ్మిన డబ్బుతో పళ్ళ డాక్టర్లను తయారు చేశారన్నమాట. 1949లో ఆ కళాశాలను ప్రభుత్వానికి అప్పగించేశారు. 1964లో ఆయనకి పద్మభూషణ్ వచ్చింది. ఆయన పుట్టినరోజు డిసెంబరు 24.

చివరగా దెబ్బల సంగతి. పిల్లలు మెట్ల మీద, క్రికెట్టులో పడి పన్ను ఊడగొట్టుకుంటారు. అది పాలపన్నయితే తిరిగి పెట్టకూడదు, లోపలున్న పన్నుకి దెబ్బ తగులుతుంది. రక్తం ఆగేలా గుడ్డ అదిమి డాక్టరుకి చూపిస్తే చాలు. ఏడెనిమిదేళ్ళ పిల్లల శాశ్వత పన్నయితే మాత్రం నిమిషాలే లెక్క. వేరు ముట్టుకోకుండా తెల్లటి భాగం పట్టుకుని, మట్టి ఉంటే కొద్దిసేపు నీళ్ళతో కడిగి, వీలైతే అదే గుంటలో పెట్టి గుడ్డ కొరకమనాలి. పెట్టలేకపోతే గ్లాసులో వేసుకుని గంటలోపు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. గ్లాసులో నీళ్ళు కాదు, పాలు పోయాలి. చల్లటివి, చక్కెర కలపనివి.